ప్రభుదాస్ గారి నోటికి శాలువా

మా మండలికి ఎవరి నోరూ మూయించే అధికారం లేదు. సన్మానం చేసే అధికారం మాత్రం ఉంది. ఈ రెండింటికీ పెద్ద తేడా లేదని కనిపెట్టిన ఘనత మా కార్యదర్శి డాక్టర్ పరిమి చిదానందం గారిది.

నా పేరు ముదపాక పైడిరత్నం. విశాఖపట్నంలో మా కళాగౌరవ మండలికి సభా నిర్వహణ సూపరింటెండెంటుని. "ఇప్పుడు వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అని మైకులో వినిపించే గొంతు నాదే. ఈ ఊళ్ళో మెడలో దండ పడ్డ పెద్దమనిషి ఎవరైనా సరే, ఆ దండకి ముందు నా గొంతు విన్నవాడే. అంచేత ఈ కథలో నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్న సంగతి కాదు. పక్కనే నిలబడి చూశాను.

మొదట మా ఆఫీసుకి బీచ్ రోడ్డు ఉదయపు నడక సంఘం వాళ్ళొచ్చారు. అధ్యక్షులు సుబ్బారాయుడు గారు, రిటైరైన ఇంజనీరు. కుర్చీలో కూర్చోకుండానే మొదలెట్టారు.

"ఆ ప్రభుదాస్ సంగతి మీరేమైనా చెయ్యాలండీ. డెబ్బై మూడేళ్ళ మనిషి. మొన్న స్టేజీ మీద గిటారు పట్టుకుని ఎగిరాడు. కిందికి దిగేసరికి మోకాలు పట్టుకున్నాడు. మా ఆవిడ చూడలేక తల తిప్పేసుకుంది."

"ఎక్కడ కూర్చున్నారండీ మీరు?" అన్నాను.

"ముందు వరసలో. ప్రతి ఏడూ అక్కడే."

"చూడలేకపోతే మానెయ్యొచ్చు కదండీ?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "ఎలా మానేస్తామమ్మా? మా పెళ్ళికి ముందు నుంచీ చూస్తున్నాం."

ప్రభుదాస్ గారంటే జ్ఞానాపురం ప్రభుదాస్. షిప్‌యార్డులో వెల్డింగు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ, చెవులు దిబ్బళ్ళు పడేలా తెలుగులో రాక్ పాటలు పాడిన మనిషి. ఆయన బ్యాండు పేరు లంగరు. పోర్టులో క్రేను నడిపిన అప్పలనరసయ్య గారు డ్రమ్స్. నర్సుగా చేసి రిటైరైన సుగుణ గారు బేస్ గిటారు. అరవై ఆరేళ్ళ సుగుణ గారే వాళ్ళలో చిన్నవారు. ముగ్గురూ యాభై ఏళ్ళుగా కలిసి వాయిస్తున్నారు. ఇన్నేళ్ళలో బ్యాండులో గొడవొచ్చింది ఒక్కసారే, అదీ చేపల పులుసులో మామిడికాయ వెయ్యాలా వద్దా అని.

నడక సంఘం తర్వాత పాస్టరుగారొచ్చారు. ప్రభుదాస్ గారి గొంతు చక్కగా ఉంది కాబట్టి మా చర్చి క్వయిర్లో వెనక వరసలో కుర్చీ వేసి కూర్చోబెడతాం, స్టేజీ మీద వేసుకునే ఆ నల్ల ప్యాంటు ఒక్కటి మానిపించండి అన్నారు. కాలేజీ కుర్రాళ్ళని అడిగితే, "తాత సూపరండీ, కాకపోతే ఎప్పుడు పడతాడో అని టెన్షన్. అందుకే మొత్తం వీడియో తీస్తాం" అన్నారు. ఈ ఊళ్ళో అరవై దాటిన కథానాయకుడు సినిమాలో పుస్తకాల సంచీ తగిలించుకుని కాలేజీకి వెళితే ఈలలు వేస్తాం. ఆ హీరో మోకాళ్ళ గురించి ఎవరూ బెంగపడిన పాపాన పోలేదు. ప్రభుదాస్ గారి మోకాలి మీద మాత్రం ఊరందరికీ హక్కుంది.

చిదానందం గారు అందరి మాటలూ విని కళ్ళు మూసుకుని, అలాగే "వయోచిత కళాగౌరవ విధానం" చెప్పారు. నేను రాసుకున్నాను. అరవై దాటిన గాయకుడి పాదాలు రెండూ వేదిక మీద ఒకేసారి నేల వదలరాదు. పాటలో "ఈ రాత్రికి రావే" అని ఉన్నచోట "వీలు చూసుకుని రావమ్మా" అని సవరించుకోవలెను. గిటారు చప్పుడు గాయకుడి వయసుకు విలోమ నిష్పత్తిలో ఉండవలెను. మా లాయరుగారు ఇది చదివి, ఎవరి పాదాలు ఎప్పుడు నేల వదలాలో చెప్పే అధికారం మనకి లేదన్నారు.

"మరి ఏ అధికారం ఉంది?" అన్నారు చిదానందం గారు.

"సన్మానించొచ్చు."

ఆయన మొహం వెలిగిపోయింది.

తెలుగువాళ్ళ సన్మానం గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. సింహాల చేతులున్న ఎర్ర ముఖమల్ కుర్చీలో కూర్చోబెడతాం. నెత్తి మీద తలపాగా, అది చెవుల దాకా దిగుతుంది. మెడలో గజమాల, అది ముక్కు దాకా వస్తుంది. చేతులు కదలకుండా చుట్టూ శాలువా. ఒక చేతిలో పళ్ళపళ్ళెం, ఇంకో చేతిలో జ్ఞాపిక. ఆ అవతారంలో ఉన్న మనిషి గిటారు పట్టుకోవడం మాట దేవుడెరుగు, ముక్కు దురద పెడితే గోక్కోలేడు. ఆ పైన వక్తలు. పది గంటలకి మైకు కట్టెయ్యాలని రూలు. పదింటి దాకా మాట్లాడగల వక్తలు మా దగ్గర నలభై మంది దాకా ఉన్నారు, అందరూ ఆరోగ్యవంతులే.

మొదటి సన్మానం పోర్టు ఆడిటోరియంలో జరిగింది. ఆ సాయంత్రం లంగరు కచేరీ ఉంది. పాపం, ప్రభుదాస్ గారు ఎంత సంతోషపడ్డారో. "ఇన్నాళ్ళకి మనల్ని గుర్తించారు రా" అని అప్పలనరసయ్య గారి భుజం తట్టారు. చిదానందం గారు లేచి, "వీరు ఒకనాడు గళమెత్తితే సాగరమే స్తంభించేది. వీరు పాడేవారు. వీరు గెంతేవారు. ఆ రోజులు వేరు" అన్నారు. తర్వాత వచ్చిన ప్రతి వక్తా భూతకాలంలోనే మాట్లాడాడు. తలపాగా కింద నుంచి ప్రభుదాస్ గారు గోడగడియారం చూస్తూనే ఉన్నారు. పదయింది. నేను వందన సమర్పణ చేశాను.

రెండోసారీ అంతే. మూడోసారి మద్దిలపాలెంలో కచేరీ పెట్టుకుంటే అక్కడికీ వెళ్ళాం, కుర్చీ లారీలో వేసుకుని. నాలుగోసారి సముద్రం ఒడ్డున చిన్న హోటల్లో, ఎవరికీ చెప్పకుండా నాలుగు పాటలు వాయించుకుందామనుకున్నారు. మాకు కబురందింది. హోటలు గుమ్మంలో ఎర్ర కుర్చీ పట్టకపోతే తలుపు ఊడదీయించాం.

ఐదోసారి అప్పలనరసయ్య గారు తెగించారు. మా ఊరి మనిషి, మాట నేరుగా ఉంటుంది. మైకు లాక్కుని, "ఏటి బాబూ ఇది? మాకొద్దు ఈ సన్మానం. మమ్మల్ని వాయించుకోనియ్యండి" అన్నారు. చిదానందం గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా నిరాడంబరత!" అన్నారు. ఆ వారంలోనే సన్మానం నిరాకరించినందుకు అప్పలనరసయ్య గారికి ప్రత్యేకంగా సన్మానం జరిగింది. ఆయన ఇంట్లో ఇప్పుడు కిటికీలకి శాలువాలే తెరలు.

ఒకరోజు మధ్యాహ్నం ప్రభుదాస్ గారు ఒక్కరే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు. దగ్గర్నుంచి చూస్తే ఆయన వేళ్ళు ఇంకా వెల్డరు వేళ్ళే, మొరటుగా ఉన్నాయి. టీ తెప్పించాను. పంచదార లేకుండా.

"రత్నమ్మా, నామీద మీవాళ్ళకి కోపమేమైనా ఉందా?" అన్నారు.

"అయ్యో, లేదండీ. గౌరవమే."

"అదే మరి. కోపమైతే బతిమాలుకుందును. గౌరవాన్ని ఏం చెయ్యాలి చెప్పు?"

ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగారు.

"ఒక కొత్త పాట వచ్చిందమ్మా. చాలా ఏళ్ళయింది పాట వచ్చి. నేనింక రాదనుకున్నాను, వదిలేశాను. పొద్దున్నే మంచం మీదుండగా వచ్చింది. మేం ముగ్గురం సాధన చేశాం. ఇంక ఎవరూ వినలేదు."

"అయితే రికార్డు చేసి ఫోన్లో పెట్టచ్చు కదండీ?"

"పెట్టచ్చు. కానీ పాట జనం మొహం మీద పడాలమ్మా. వాళ్ళు నవ్వుతారో తిడతారో నేను చూడాలి. పాతవి ఎలాగూ వాళ్ళకొచ్చు, నాతోపాటే పాడేస్తారు. ఇది కుర్రోళ్ళ పాట కాదు. డెబ్బై మూడేళ్ళవాడి పాట. మా వయసువాళ్ళకి భజనలున్నాయి, కీర్తనలున్నాయి. పాట ఒక్కటీ లేదు." కప్పు కింద పెట్టారు. "బీచ్‌లో జరిగే తీరం ఉత్సవంలో ఒక్కసారి, ఒక్క పాట పాడనిస్తే చాలు. తర్వాత మీ ఇష్టం, కుర్చీలో కట్టేసి కూర్చోబెట్టండి."

వెంటనే చిదానందం గారి గదిలోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఫైలు మూసేశారు. ఆఫీసు భాష కాకుండా, మామూలు మనిషిలా మాట్లాడారు.

"రత్నంగారూ, కాలేజీలో ఉండగా ఆయన పాటకి నేను బెంచీ విరగ్గొట్టాను తెలుసా? ప్రిన్సిపాలు సస్పెండ్ చేశాడు. అంత ఇష్టం. ఇప్పుడు ఆ మనిషి పాట మధ్యలో ఊపిరి కోసం ఆగితే నాకు నా బీపీ మాత్ర గుర్తొస్తుందండీ. నేను చూడలేను."

"మీరు చూడలేకపోతే ఆయన పాడకూడదాండీ?"

ఆయన మళ్ళీ ఫైలు తెరిచారు. "భావోద్వేగాలకు అతీతంగా శాశ్వత పరిష్కారం ఆలోచిస్తున్నాం" అన్నారు.

ఆ శాశ్వత పరిష్కారం పేరు "కళాజీవిత సంపూర్ణోత్సవం". తీరం ఉత్సవం ఆఖరి సాయంత్రం, ఆర్కే బీచ్‌లో, జనసముద్రం ఎదుట ప్రభుదాస్ గారి కళాజీవితం పూర్తయినట్టు అధికారికంగా ప్రకటిస్తాం. ఆయన కంచు విగ్రహం ఆవిష్కరిస్తాం. బ్యాండు వాయిద్యాలన్నీ మండలి మ్యూజియానికి స్వీకరిస్తాం. ఆ తర్వాత ఆయన పాడితే సంపూర్ణమైనదాన్ని అసంపూర్ణం చేసినట్టు అవుతుంది. ఆ అపచారం ఎవరు చేస్తారు?

అంతా బాగానే ఉంది గానీ, అకౌంట్సు వాళ్ళు మెలిక పెట్టారు. బతికున్న కళాకారుడికి విగ్రహం పెట్టడానికి మాకు పద్దు లేదు. సంస్మరణ సభల పద్దులో ఉంది. ఆ పద్దులోంచి తీస్తే సంస్మరణ మార్గదర్శకాలన్నీ పాటించాలి. నిలువెత్తు ఫోటో, ఫోటోకి దండ, ముందు దీపం, ఆ తర్వాత అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం.

"ఆయన బతికే ఉన్నారు కదండీ" అన్నాను.

"ఆయన బతికుండటానికి మండలికి అభ్యంతరం లేదు" అన్నారు చిదానందం గారు. "వారిని ఫోటో పక్కనే సముచిత ఆసనంలో కూర్చోబెడదాం."

ఆహ్వాన పత్రం అందిన రోజే అప్పలనరసయ్య గారు ఫోను చేశారు. "ఏటమ్మా రత్నం, సంస్మరణ అని ఏసేరు? నాను ఆడి పక్కన కూసోని ఇడ్లీ తింతన్నాను. ఆడూ తింతన్నాడు."

"ఏం చెయ్యమంటారు బాబూ. మనుషుల్లో ఉన్నారు. పద్దులో లేరు."

అవతల సుగుణ గారు ఫోను తీసుకున్నారు. "పల్సు చూశానమ్మా ఆయనకి. బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. ఆ మాట కాగితం మీద రాసి మీ సెక్రటరీ గారికి పంపమంటావా?" అన్నారు. నర్సుగా పనిచేసిన మనిషి కదా, మందలింపు కూడా మందులాగే ఇస్తారు.

ఉత్సవం రోజు సాయంత్రం ఆరింటికి నేను వేదిక దగ్గరికెళ్ళేసరికి డ్రమ్సు బిగించి ఉన్నాయి, గిటార్లు స్టాండ్ల మీదున్నాయి, పెద్ద స్పీకర్లకి వైర్లు కలిపి ఉన్నాయి. స్టోర్సు విభాగం గుమాస్తాని అడిగితే, మ్యూజియానికి తీసుకునే ప్రతి వస్తువూ పనిచేసే స్థితిలో ఉన్నట్టు వేదిక మీదే పరీక్షించి తీసుకోవాలి, రూలు అన్నాడు. చిదానందం గారి సంతకం కూడా చూపించాడు.

ప్రభుదాస్ గారు నల్ల ప్యాంటు వేసుకుని ఒక పక్కగా నిలబడి తన ఫోటోకి దండ వేస్తుంటే చూస్తున్నారు. దండ వంకరగా ఉందని తనే వెళ్ళి సర్దారు. నన్ను చూసి దగ్గరికొచ్చారు.

"ఆ మౌనం అన్నారు కదమ్మా, దాన్ని ఎవరు ముగిస్తారు?"

"నేనేనండీ. నేను మైకులో 'కూర్చోండి' అనేదాకా ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. ఎంతటివారైనా సరే. మార్గదర్శకాల్లో ఉంది."

"రెండు నిమిషాలు ఎవరు చూస్తారు?"

"నేనే."

"మంచి పద్ధతే" అన్నారు. వెళ్ళి ఎర్ర కుర్చీలో కూర్చుని తలపాగా, శాలువా వేయించుకున్నారు.

సభ మొదలైంది. ఇసుకలో ఎక్కడ చూసినా తలకాయలే. ముందు వరసలో సుబ్బారాయుడు గారు, ఆయన భార్య, నడక సంఘం మొత్తం. ముఖ్య అతిథి ఎనభైకి దగ్గరపడ్డ రాజకీయ పెద్ద. ఆయన్ని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. ఆయన మైకు ముందు నిలదొక్కుకుని, సమయం వచ్చినప్పుడు పక్కకి తప్పుకుని యువతకి దారి ఇవ్వడమే పెద్దరికమని చాలాసేపు చెప్పారు. వచ్చే ఎన్నికల్లో కూడా తనని ఆశీర్వదించమని ముగించారు. జనం చప్పట్లు కొట్టారు.

చిదానందం గారు విగ్రహం మీది గుడ్డ లాగారు. విగ్రహంలో ప్రభుదాస్ గారు చేతులు కట్టుకుని, నోరు మూసుకుని ఉన్నారు. తర్వాత నావైపు చూసి తల ఊపారు.

నేను మైకు తీసుకున్నాను. "ప్రభుదాస్ గారి సంపూర్ణ కళాజీవితానికి గౌరవసూచకంగా అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాం."

వేలమంది లేచారు. తలలు వంచారు. కెరటాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రభుదాస్ గారు ఎర్ర కుర్చీలోంచి మెల్లగా లేచారు. శాలువా తీసి మడతపెట్టి కుర్చీ చేతి మీద వేశారు. తలపాగా తీసి కంచు విగ్రహం నెత్తిన పెట్టారు. వెళ్ళి గిటారు మెడలో వేసుకున్నారు. అప్పలనరసయ్య గారు అప్పటికే డ్రమ్సు వెనకున్నారు. సుగుణ గారు చెప్పులు విప్పి పక్కన పెట్టారు.

నాలుగు దెబ్బలు. ఆ తర్వాత బీచ్ అదిరింది.

చిదానందం గారు కళ్ళు తెరిచారు. నోరు కూడా తెరిచారు, అంతలోనే మూసేశారు. మార్గదర్శకాలు రాసింది ఆయనే మరి. నావైపు చూసి గడ్డంతో సైగ చేశారు, ముగించెయ్ అని. కనుబొమలతో చేశారు. నేను చేతిగడియారం వంక చూసుకుంటూ నిలబడ్డాను. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది. భయం వెయ్యలేదని చెబితే అబద్ధం.

ప్రభుదాస్ గారు పాట అందుకున్నారు. "కళ్ళజోడెక్కడ పెట్టానే? పొద్దున్నే నీ మొహం చూడొద్దా?" పాటలో ముసలాయన పరుపు కింద వెతికాడు, బీరువాలో వెతికాడు, బియ్యం డబ్బాలో వెతికాడు. "కళ్ళజోడెక్కడే? చూడకుండానే ముసలైపోతావే!" దాని వెనక అప్పలనరసయ్య గారు క్రేనులోంచి ఇనుము దించినట్టు డ్రమ్సు బాదుతున్నారు.

మౌనం పాటిస్తున్న వేలమంది నవ్వు ఆపుకోలేక చచ్చారు. సుబ్బారాయుడు గారి భార్య పమిటచెంగు నోట్లో కుక్కుకున్నారు. సుబ్బారాయుడు గారు తన నెత్తి మీద ఉన్న కళ్ళజోడుని కుడిచేత్తో తడుముకుని కిందికి దించుకున్నారు, దించుకుని ఆవిడ మొహం చూశారు. ఆవిడ నవ్వడం మానేసి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

పాట గొప్పగా వచ్చిందని నేను చెప్పను. రెండో చరణంలో గొంతు పగిలింది. ఒకచోట ఊపిరి కోసం ఆగారు, సుగుణ గారు ఆ ఖాళీలో నాలుగు స్వరాలు వేసి నింపారు. ఆఖరికొచ్చేసరికి "కళ్ళజోడు లేకపోయినా పరవాలేదే, నీ గొంతు వినబడుతోందే" అన్నారు, ఎగిరారు, మోకాలు పట్టుకున్నారు, మోకాలు పట్టుకునే పాడారు. చిదానందం గారు తల వంచుకునే ఉన్నారు గానీ, ఆయన కుడికాలు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. మార్గదర్శకాల్లో కాళ్ళ ప్రస్తావన లేదు.

రెండు నిమిషాలు ఎప్పుడైపోయాయో నాకు తెలుసు. నేను చెప్పలేదు. పాట పూర్తిగా అయిపోయింది. గిటారు ఆఖరి మోత సముద్రం మీదికి వెళ్ళి కలిసిపోయింది. ప్రభుదాస్ గారు చెమట కారుతుండగా జనం మొహాలు ఒక్కొక్కటీ చూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు, మౌనం ఇంకా నడుస్తోంది కదా.

అప్పుడు నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని, "దయచేసి అందరూ కూర్చోండి" అన్నాను.

ఎవరూ కూర్చోలేదు.